అన్నిటికీ గంటన్నర

శాంపిల్ గది, ఆస్పత్రి కొత్త బిల్డింగు
మార్చి 3

నా అర్ధమొగుడికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దవాళ్ళే అన్నారు, నా తప్పేం లేదు. ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వకు. ఈ గదిలోకి ఫోన్ తేనివ్వరు. ఇంటికెళ్ళి నీకు చేస్తే మీ అన్నయ్య రెండో నిమిషంలో లాక్కుని, పావుగంట వాగి, "ఉంటానే బుల్లీ" అని పెట్టేస్తాడు. మన మాటలు మనకి మిగలవు. ఎలాగూ ప్రతి శనివారం ఫ్రీజర్లో గడ్డకట్టించిన రక్తాలు పట్టుకుని మీ సెంటర్‌కి వ్యాన్ వస్తుంది. "అమ్మా, ఇది కూడా ఐసులో పెట్టాలా?" అని డ్రైవరు ఈ కవరు చూసి అడిగాడు. అక్కర్లేదు, ఇది వేడిగా చేరితేనే బాగుంటుందన్నాను.

అసలు సంగతికి వస్తాను. మీ అన్నయ్య పాదాల వాపు రోజంతా నిలబడి పనిచెయ్యడం వల్ల కాదట. కిడ్నీలట. డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, "కిడ్నీలంటే ఏముందే, రెండు మోటార్లు. ఒకటి ఆగినా రెండోది లాగుతుంది" అంటాడు. రెండూ ఒకేసారి అరుగుతున్నాయని డాక్టరు చెప్పింది వినలేదో, వినదల్చుకోలేదో. నేను మాత్రం విన్నాను. ప్రస్తుతం వందకి యాభై ఎనిమిది పాళ్ళు పనిచేస్తున్నాయి.

మీ పరిశోధనలో చేరతారా అని అడిగితే చదవకుండానే సంతకం పెట్టేశాడు. మా చెల్లెలి మిషన్‌లోకి నేనూ ఎక్కుతానని అక్కడున్న నర్సులందరికీ చెప్పాడు. మీకు పేర్లు రావు, నంబర్లే వస్తాయని తెలుసు. నంబరు నీకు చెప్పకూడదనీ తెలుసు. 412. చూశావా, చెయ్యి జారింది. చదవనట్టు వదిలెయ్.

నిన్న రక్తం తీస్తుంటే నేనే పక్కన నిలబడ్డాను. గొట్టం చేతిలో పడగానే మెట్ల మీద పరిగెత్తాను. మిషన్‌లో తిప్పి, నీరు వేరు చేసి, ఫ్రీజర్లో పెట్టేసరికి పాతిక నిమిషాలు. రూలు రెండు గంటలు. ఈ గదిలో ఇంత తొందరగా ఏ రక్తమూ గడ్డకట్టలేదు. కట్టుకున్నవాడి కోసం ఆమాత్రం చెయ్యనా?

నీ వదిన


పరిశోధన కేంద్రం, మూడో అంతస్తు
మార్చి 19

వదినమ్మకి,

నీ ఉత్తరం కీబోర్డు కింద దాచుకుని నాలుగుసార్లు చదివాను. అన్నయ్యకి ఫోన్ చేశాను, నువ్వన్నట్టే మోటార్ల కథ చెప్పాడు. నవ్వాను. పెట్టేశాక మాత్రం బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని రావాల్సొచ్చింది.

మా మిషన్ ఏం చేస్తుందో అతనికి చెప్పు, భయం తగ్గుతుంది. ఒక మనిషి గురించి నలుగురు సాక్షులున్నారనుకో. రక్తం, జన్యువులు, కిడ్నీ ముక్క ఫోటో, డాక్టరు రాసిన నోట్సు. నలుగురివీ నాలుగు భాషలు. విడివిడిగా అడిగితే తలో మాట చెప్తారు. మా మోడల్ నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి, మాటలు ఎక్కడ కలుస్తున్నాయో చూసి, ఈ మనిషికి జబ్బు జోరుగా ముదురుతుందా, నెమ్మదిగా నడుస్తుందా తేలుస్తుంది. జబ్బు ఎలా నడిచిందో ముందే తెలిసిన పాత రోగులు తొమ్మిదొందలమందిని చూపించి దానికి నేర్పించాం. ఇకనుంచి కొత్తవాళ్ళకి చెప్తుంది. "జోరు" అంటే వెంటనే గట్టిమందు మొదలుపెడతారు. "నెమ్మది" అంటే ఆర్నెల్లకోసారి పరీక్ష చాలు.

ఇంకో మాట. మిగతా ఆస్పత్రుల నుంచి వచ్చే రిజిస్టర్లు కోడి కెలికినట్టుంటాయి. రక్తం ఎప్పుడు తీశారో, ఎప్పుడు ఫ్రీజర్లో పెట్టారో దేవుడికే తెలియాలి. నీది ముత్యాలు పేర్చినట్టుంది. ఏ గొట్టం చూసినా గంటన్నరే, నాలుగైదు నిమిషాలు అటూ ఇటూ. ఎవరిదమ్మా ఇది అని మా మేడమ్ అడిగితే, మా వదినది అని కాలరెగరేశాను.

నంబరు నేను చదవలేదు.

బుల్లి


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 11

బుల్లీ,

ముక్క పరీక్ష వచ్చింది. చూస్తే ఎటూ తేలట్లేదట. డాక్టరు మంచివాడే, పైగా అబద్ధం చెప్పని మనిషి. "నా అనుభవం మీద అడిగితే గట్టిమందు ఈ వారమే మొదలుపెడతాను. మీ మోడల్ లిస్టు వచ్చే నెల వస్తుంది, అప్పటిదాకా ఆగుతామంటే మీ ఇష్టం" అన్నాడు.

గట్టిమందంటే ఏంటో కాగితం ఇచ్చారు. మొహం ఉబ్బుతుంది, నిద్ర పట్టదు, ఊరికే జ్వరాలు తగులుకుంటాయి, చేతులు వణుకుతాయి. మీ అన్నయ్య మొదటి మూడూ చదివి జోకులేశాడు. నాలుగోది చదివాక కాగితం మడిచి పక్కన పెట్టాడు. "చేతులు వణికితే లిఫ్టు నెత్తి మీద, కేబుళ్ళ మధ్య ఎలా నిలబడనే?" అన్నాడు. అంతే. టీవీ రిమోట్ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు. చెడిపోనిదాన్ని.

నిన్ను అడగకూడదు. అడగకూడదని మూడు రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యిలా ఉంది నాకు. మొదలుపెట్టమని చెప్పి అతని పని పోగొట్టలేను. వద్దని చెప్పి అతన్నే పోగొట్టుకోలేను.

నీకు ఏమైనా తెలుస్తుందా?

వదిన


పరిశోధన కేంద్రం
ఏప్రిల్ 23

వదినా,

చదివాక చింపెయ్.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు చూశాను. నాలుగు వందల పన్నెండు. నెమ్మది. అలా ఇలా కాదు, లిస్టు మొత్తంలో అందరికంటే నెమ్మది. వందకి తొంభై ఆరు పాళ్ళు పదిలమట.

నేను చూడకూడదు. చూసి చెప్పకూడదు. తెలిస్తే మేడమ్ నన్ను ఈ అంతస్తు నుంచి కిందికి తోసినా తోస్తుంది. కానీ నువ్వు ఆ రిమోట్ సంగతి రాశాక నావల్ల కాలేదు. చిన్నప్పుడు నా సైకిల్ చైను ఊడితే స్కూలు ఎగ్గొట్టి వచ్చి వేసినవాడు. అతనికోసం ఒక్కసారి రూలు తప్పితే ఏమైంది?

మందు వద్దని చెప్పు. లిస్టు వచ్చేదాకా ఆగుతామని డాక్టరుకి చెప్పండి చాలు. మిగతాది లిస్టే చెప్తుంది.

బుల్లి


శాంపిల్ గది
మే 14

బంగారు బుల్లికి,

నీ నోరు ఊరికే పోదు! లిస్టు వచ్చింది, అన్నయ్య "నెమ్మది"లో ఉన్నాడు. డాక్టరు మాత్రం కాసేపు కాగితం వైపు, కాసేపు మీ అన్నయ్య కాళ్ళ వైపు చూసి, "నాకెందుకో మనసొప్పుకోవట్లేదు, ఇంకోసారి ముక్క తీసి చూద్దామా?" అన్నాడు. మీ అన్నయ్య ససేమిరా అన్నాడు. "మిషన్ నాలుగు చెవులతో విని చెప్పింది డాక్టరుగారూ, మీకు రెండేగా" అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మళ్ళీ నవంబర్లో రమ్మన్నాడు.

ఇంట్లో పండగలా ఉంది. పనిలోకి వెళ్తున్నాడు. పదిహేను అంతస్తుల బిల్డింగులో కొత్త లిఫ్టు పని ఒప్పుకున్నాడు. వాపు ఇంకా ఉందిగానీ, నిలబడే పని కదా.

ఇక్కడ నా పని మామూలే. వేళ్ళు ఐసుముక్కలు. పెద్దాయనకి మాత్రం బాగోలేదు. చెప్పానుగా, పాత బిల్డింగు నుంచి రక్తాల పెట్టె మోసుకొచ్చే ఆయన. చెప్పలేదా? మోకాలు వాచిపోయింది పాపం. పాత వార్డులు నాలుగూ తిరిగి, రోడ్డు దాటి, రెండు గేట్ల దగ్గర సంతకాలు పెట్టి రావాలి. మొన్న మంగళవారం తొమ్మిదింటికి తీసిన రక్తాలు నా దగ్గరికి వచ్చేసరికి పన్నెండున్నర. మెట్టు మీద కూలబడి, "రిటైరవడానికి ఇంకా ఇరవై నెలలే తల్లీ, ఎలాగో లాగేస్తా" అన్నాడు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను.

నీకు ఏం కావాలో అడుగు. నీకు బాకీ పడిపోయాను.

నీ వదిన


పరిశోధన కేంద్రం
జూన్ 2

వదినకి,

అన్నయ్య పనిలోకి వెళ్తున్నాడని రాశావు. సంతోషం.

ఒక చిన్న సందేహం. మీ పెద్దాయన పన్నెండున్నరకి వచ్చాడన్న మంగళవారం ఏ తేదీ? ఆ నెలలో నాలుగు మంగళవారాలూ నీ రిజిస్టర్లో చూశాను. పాత బిల్డింగు గొట్టాలన్నిటికీ గంటన్నర లోపే ఫ్రీజర్లో పెట్టినట్టుంది. మూడున్నర గంటలు ఎక్కడా లేదు.

నువ్వు ఆ మాట మాటవరసకి రాసి ఉండొచ్చు. అయినా తెలుసుకోవాలి. ఫ్రీజర్ తలుపు ఎప్పుడెప్పుడు తెరిచారో మిషనే రాసుకుంటుందిగా. రెండేళ్ళ లెక్క పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఈ శనివారం వ్యాన్లో పంపించు. పాత బిల్డింగువే కాదు, అన్నీ.

మేడమ్‌కి ఇంకా ఏమీ చెప్పలేదు.

బుల్లి


శాంపిల్ గది
జూన్ 16

పరిశోధకురాలు గారికి,

మీరు అడిగిన పెన్‌డ్రైవ్ ఈ కవర్లోనే ఉంది.

తొమ్మిదేళ్ళుగా ఈ గదిలో వేళ్ళు కొంకర్లు పోయేలా పనిచేస్తున్నాను. ఒక్క గొట్టం పగలగొట్టలేదు, ఒక్క నంబరు మార్చలేదు. నువ్వు ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని నన్ను తేదీలు అడుగుతావా? అర్ధమొగుడన్నానని పోలీసు ఉద్యోగం కూడా ఇచ్చానా నీకు? మీ మిషన్ అంత గొప్పదైతే అదే కనుక్కోకపోయిందా? ఆ పెద్దాయన మోకాలు ఎలా ఉందని ఒక్క ముక్క అడగలేదు నువ్వు.

మర్నాడు:

పైదంతా నిన్న రాశాను. చింపేద్దామనుకుని ఆగాను. ఉండనీ. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు ఎంత చక్కగా తడుముకున్నానో నువ్వూ చూడు.

ఏడాదిన్నర కింద కొత్త సూపర్‌వైజరు వచ్చి గోడకి కాగితం అంటించాడు. రెండు గంటలు దాటి మూడుసార్లు తెస్తే మోసేవాళ్ళని పనిలోంచి తీసేస్తామని. పెద్దాయనకి అప్పటికే రెండు అయ్యాయి. మూడోది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. గంటన్నర అని రాశాను. ఆ పూట ఎంత హాయిగా ఉందో చెప్పలేను, పుణ్యం చేసినదానిలా నడిచి ఇంటికెళ్ళాను. తర్వాత ఆయనవే అలా ఉంటే ఎవరైనా పట్టుకుంటారని అన్నిటికీ గంటన్నరే రాస్తూ వచ్చాను. పాత పేజీలు ఎక్కించమని మీ సెంటర్ అడిగినప్పుడు వాటినీ అలాగే తిరగరాశాను.

తెలియదని అబద్ధం చెప్పను. పాలు బయట పెడితే ఏమవుతాయో తెలిసినదానికి రక్తం సంగతి తెలియదా? తొమ్మిదొందలమందిని చూస్తుందిగా, అందులో సర్దుకుపోతుందిలే అనుకున్నాను.

చేసిన పాపం చెప్తే పోతుందంటారు. నాకేం పోయినట్టు లేదు. నవ్వుకోడానికి ఒక మాట: మీ అన్నయ్యది పాతిక నిమిషాల్లో పెట్టి, దానిక్కూడా అలవాటుగా గంటన్నరే రాశాను.

వదిన


పరిశోధన కేంద్రం
జూన్ 30

వదినా,

ఇందాక ఫోన్ చేశాను. అన్నయ్య ఎత్తాడు. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళు, రెండోసారి ముక్క తియ్యమను అని చెప్పాను. ఎందుకని అడిగాడు. వెళ్ళమంటే వెళ్ళు అని అరిచి పెట్టేశాను. ఎందుకో నీకు రాస్తున్నాను.

సర్దుకుపోలేదు వదినా. అదే నేర్చుకుంది.

జబ్బు ముదిరినవాళ్ళు ఎక్కువగా పాత బిల్డింగులోనే ఉంటారు. వాళ్ళ రక్తం మూడేసి గంటలు పెట్టెలో ఊగుతూ వచ్చింది. అంతసేపు బయటుంటే కణాలు చిట్లి లోపలి సరుకు బయటికొస్తుంది. ఆలస్యమైందని తెలిసుంటే మోడల్ దాన్ని పక్కన పెట్టి మిగతాది చూసేది. అన్నిటికీ గంటన్నరే అని మనం చెప్పాం. దాంతో ఆ చిట్లిన సరుకునే జబ్బనుకుంది. నిలవ రక్తమైతే జోరు, తాజాదైతే నెమ్మది. మిగతా ముగ్గురు సాక్షులూ ఎంత మొత్తుకున్నా రక్తం మాటే నెగ్గింది. అన్నయ్యది నువ్వు పరిగెత్తి తెచ్చావు. మా దగ్గరున్న అన్నిట్లోనూ అంత తాజా రక్తం ఇంకొకటి లేదు. అందుకే అందరికంటే పదిలంగా కనబడ్డాడు.

తలుపు లెక్కతో టైములు సరిచేసి మోడల్‌కి మూడు రోజులు మళ్ళీ నేర్పించాను. అన్నయ్య జోరులో ఉన్నాడు. అతనితోపాటు ఇంకొకరు. జోరులో వేసినవాళ్ళలో ఏడుగురు నిజానికి నెమ్మది.

తప్పంతా నీ మీద వేసి ఈ ఉత్తరం ముగించొచ్చు. వెయ్యలేను. జనవరిలోనే మేడమ్ నన్ను పిలిచి, "మనుషులు రాసే రిజిస్టర్ ఇంత శుభ్రంగా ఉండదమ్మా, తలుపు లెక్క తెప్పించి సరిచూడు" అంది. నాకూ అనుమానమే. కానీ అడిగితే నీకు కోపమొస్తుందని, వారం రోజుల పని ఆగిపోతుందని, "మా వదిన సంగతి నాకు తెలుసు మేడమ్, నాదీ పూచీ" అన్నాను. నీకు రాసినప్పుడు ఆ మాట దాచి, కాలరెగరేసిన సంగతే రాశాను. చూడకూడని నంబరు చూసి, మందు వద్దని చెప్పిందీ నేనే. ఏప్రిల్లో డాక్టరు మాటకి అడ్డుపడింది నేను వదినా, మిషన్ కాదు.

ఈ ఉత్తరం నీకు అందేసరికి మేడమ్‌కి అంతా చెప్పేసి ఉంటాను.

బుల్లి


ఇల్లు, వంటగది బల్ల
జులై 28

బుల్లీ,

యాభై ఎనిమిది కాదు, ఇప్పుడు ముప్పై తొమ్మిది. రెండో ముక్క చూసి డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏప్రిల్లోనే మొదలుపెట్టి ఉంటే" అని మాత్రం అనలేదు. అనకపోవడమే వినబడింది నాకు. గట్టిమందు మొదలైంది. ఉన్నది నిలబడొచ్చట, పోయింది రాదట.

నన్ను శాంపిల్ గదిలోంచి తీసేశారు. విచారణ అయ్యేదాకా కాగితాలు సర్దే పని. పెద్దాయన విషయం విను. సూపర్‌వైజరు ముందు ఆయన్ని నిలబెట్టినప్పుడు గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. ఆయన నా వైపు తిరిగి, "నాకోసం అబద్ధం రాయమని నేనెప్పుడు అడిగాను తల్లీ? కాళ్ళు నొప్పని చెప్పుకునే నోరు నాకూ ఉందిగా" అన్నాడు. సూపర్‌వైజరు తల గోక్కుని, చక్రాల బండి ఒకటి, రెండో మనిషిని ఒకర్ని ఇప్పించాడు. గోడ మీద కాగితం చింపేశాడు. ఏడాదిన్నర బుల్లీ! ఒక్క మాట అడిగుంటే అయిపోయే పని. అడగకుండా జాలిపడ్డాను.

మీ అన్నయ్యకి నేనే చెప్పాను. చెప్పకుండా ఆ మాత్రలు రోజూ అతని చేతిలో పెట్టలేకపోయాను. మంచం అంచున కూర్చుని అంతా విన్నాడు. ఉబ్బిన మొహంలో ఏముందో తెలియలేదు.

"నా రక్తం పరిగెత్తి తేవడం వల్లా?"

"అవును."

"బుల్లి చూసి చెప్పడం వల్లా?"

"అవును."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు.

"ఎంతమంది?" అన్నాడు.

"ఏంటి?"

"నన్ను తప్పుగా నెమ్మదిలో వేస్తే, నెమ్మదివాళ్ళని జోరులో వేసే ఉంటుందిగా. ఈ మందు అనవసరంగా మింగుతున్నారుగా వాళ్ళు. ఎంతమంది?"

నీ ఉత్తరంలో ఉంది ఆ లెక్క. చదివాను. చదివి దాటేశాను. నెలరోజులుగా మీ అన్నయ్య కోసం తప్ప ఇంకెవరికోసం ఏడవలేదు నేను.

"ఏడుగురు" అన్నాను.

"లిఫ్టు ఆగిపోయిందని ఫోనొస్తే మేము ముందు అడిగేది అదేనే. ఎవరున్నారని కాదు, ఎంతమంది ఉన్నారని" అన్నాడు. అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాతో ఆ తర్వాత మాట్లాడలేదు. ఇప్పటికి నాలుగు రోజులు.

వదిన


పరిశోధన కేంద్రం
ఆగస్టు 12

వదినా,

ఆ ఏడుగురినీ నేనూ ఒక్క వాక్యంలో రాసి వదిలేశాను. నువ్వు దాటేశావన్నావు. దాటెయ్యడానికి వీలుగా రాసింది నేను.

మోడల్ ఆపేశారు. అన్ని ఆస్పత్రులకీ ఉత్తరాలు వెళ్ళాయి. ఏడుగురికీ మందు మాన్పించమని, అన్నయ్యతోపాటు తేలిన ఆ ఇంకొకరికి మొదలుపెట్టమని మీ డాక్టరుకి మేడమే స్వయంగా చెప్పింది. నా మీద అరవలేదు. "పూచీ అనేది మనుషులకిస్తారమ్మా, లెక్కలకివ్వరు" అంది. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు. అన్ని చోట్ల రిజిస్టర్లూ ఒక్కొక్క వరుసా సరిచూసే పని ఇచ్చింది. ఏడాది పడుతుంది. బయటికి పంపినా ఇంత బరువుండేది కాదు.

ప్రేమకొద్దీ చేశాం కదా, నీది మొగుడి మీద, నాది నీ మీద అని రాయబోయి కొట్టేశాను. నాది ప్రేమ కాదు వదినా. నా చుట్టాలు తప్పు చెయ్యరన్న పొగరు.

అన్నయ్య మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు ఏం మాట్లాడను? రమ్మని అడగకు, మొహం చూపించలేను. ఏడుగురికీ ఎవరు చెప్తున్నారు? ఎలా ఉన్నారో రాయి. ఈసారి ఒక్కొక్కరి గురించీ రాయి.

బుల్లి


ఇల్లు
సెప్టెంబర్ 22

బుల్లీ,

మీ అన్నయ్య మాట్లాడుతున్నాడు. మొదటి మాట "ఉప్పు లేదు ఇందులో". ఉప్పు వెయ్యకూడదని డాక్టరు చెప్పాడు అన్నాను. "తెలుసు, ఊరికే అన్నాను" అన్నాడు. ముప్పై ఏడు దగ్గర ఆగింది. చేతులు వణుకుతున్నాయి. లిఫ్టు పని మానేసి, షాపులో కూర్చుని కొత్తవాళ్ళకి నేర్పుతున్నాడు. నువ్వు ఫోన్ ఎత్తట్లేదని నా మీద ఎగురుతున్నాడు. ఎత్తు. తిట్టాలంటే ఎత్తితేనే కదా తిడతాడు.

ఏడుగురికీ డాక్టరే చెప్పాడు. నేనూ వస్తానని పట్టుబట్టాను. వద్దన్నాడు, కేసులవుతాయన్నాడు. అవనివ్వండి అన్నాను. ఒకాయన బల్ల గుద్ది వెళ్ళిపోయాడు. ఒకామె కొడుకు నా ఫోటో తీసుకున్నాడు, వకీలుకి చూపిస్తాడట. చూపించనీ. ముగ్గురు మందు మానొచ్చని సంతోషపడ్డారు. ఒక ముసలాయన జ్వరం తగ్గక ఇంకా వార్డులోనే ఉన్నాడు. రోజూ వెళ్ళి చూస్తున్నాను. నన్ను నర్సనుకుంటున్నాడు, దుప్పటి సర్దమంటాడు.

ఏడో ఆమె గురించి రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాయలేక ఉప్పు సంగతి రాశాను.

కుట్టుపని చేస్తుంది. ఇంటి ముందు గదే షాపు. మెషిన్ మీద గుడ్డ కప్పి ఉంది. కప్పి మూడు నెలలైందట. సగం కుట్టిన పిల్లల యూనిఫారాలు సంచిలో కట్టి, వేరేవాళ్ళకి పంపడానికి గుమ్మం దగ్గర పెట్టుకుంది. డాక్టరు అంతా చెప్పాడు. మీకు ఈ మందు అక్కర్లేదండీ, పొరపాటు జరిగింది, వణుకు నెమ్మదిగా తగ్గుతుంది, పూర్తిగా తగ్గుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను అన్నాడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకోదానితో గట్టిగా పట్టుకుని వింది.

అప్పుడు నేను చెప్పాను. మీ రక్తం మూడు గంటలు బయట ఉందండీ, నేను గంటన్నరని రాశాను, ఆ రాసింది నేనేనండీ అని. ఎందుకు రాశారని అడిగింది. పెద్దాయన గురించి చెప్పాను. సాకులా వినబడింది, ఆపేశాను. అక్కడ కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేక నిలబడే ఉన్నాను. ఏం అనాలో తెలియక, మా ఆయనది తాజాగా పెట్టడంవల్ల ఆయనకి అందాల్సిన మందు అందలేదు, ఆయన కిడ్నీలు పాడయ్యాయి అని కూడా చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. జాలి చూపిస్తుందనేమో. సిగ్గులేని నోరు నాది.

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. తిట్టడానికి మాటలు వెతుక్కుంటోందనుకుని తల వంచుకున్నాను.

"మీ ఆయనకి ఇప్పుడెలా ఉంది?" అంది.

చేతులు వణుకుతున్నాయండీ అన్నాను బుల్లీ. ఆవిడ వణికే చేత్తో నా మోచెయ్యి పట్టుకుని, "తగ్గుతుందిలెండి" అంది.

వదిన